జొన్న చేలో తిమింగలం

మా ఊరి చిన్నబడికి తాళం పడ్డనాటికి పంతులమ్మ చెబుతున్న తిమింగలం పాఠం సగంలోనే ఉంది.

అది పందొమ్మిది వందల అరవై తొమ్మిది, జనవరి ఆఖరు. పట్నంలో కాలేజీలు మూతపడి అప్పటికే రెండు వారాలు దాటింది. ఆ పూట నేను పంతులమ్మకు అన్నం డబ్బా ఇవ్వడానికి బడికి వెళ్లాను. సైకిళ్ల మీద పదిహేను మంది దాకా యువకులు వచ్చి, గేటు ముందు ఆగి, జై తెలంగాణ అని నినాదాలిచ్చారు. తర్వాత ఒకతను లోపలికి వచ్చి, పిల్లలను ఇళ్లకు పంపమని మర్యాదగానే చెప్పాడు. కనకరత్నం పంతులమ్మ నల్లబల్ల మీద సగం గీసిన బొమ్మను ఒకసారి చూసి, సుద్దముక్క కిటికీలో పెట్టి, పిల్లలను వరుసలో నిలబెట్టి బయటికి నడిపించింది. తాళం వాళ్లే తెచ్చుకున్నారు. ఆ తాళం మళ్లీ తీసేనాటికి మా ఇల్లు మునుపటిలా లేదు.

పంతులమ్మది భీమునిపట్నం. వాళ్ల నాన్న తెప్ప మీద సముద్రంలోకి వెళ్లి చేపలు పట్టేవాడు. ఏడాదిన్నర కిందట ఉద్యోగం వచ్చి, ఆమె మొయినాబాద్‌లో రేకు పెట్టెతో బస్సు దిగినప్పుడు, నాలుగిళ్లవాళ్లు గది ఇచ్చేముందు కులం అడిగారు. మా బాపు, అంటే మా నాన్న, అడగలేదు. బాపు పేరు పేతురు. గండిపేట చెరువు కట్ట మీద కావలి ఉద్యోగం ఆయనది. పట్నం తాగే నీళ్లవి. వాటిలోకి బర్రెలు దిగకుండా, ఎవరూ బట్టలు ఉతకకుండా చూడటం ఆయన పని. "ముంగటి అర్ర ఖాళీగనే ఉన్నది, ఉండు బిడ్డా," అన్నాడట. అట్లా ఆమె మా ముందు గదిలో చేరింది. మా అవ్వకు, అంటే మా అమ్మ బీరమ్మకు, పొయ్యి దగ్గర తోడైంది. నాకు అక్క అయింది.

ఒక్క సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఆమెతో అనలేదు. ఆమె రావడానికి మూడు నెలల ముందు నేను హెచ్చెస్సీ పాసై, అదే బడిలో పంతులమ్మ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఖాళీ లేదని జవాబు వచ్చింది. ఆ కాగితం చదివి నేను వారం రోజులు సరిగా అన్నం తినలేదు. మూడు నెలల తర్వాత ఆ లేని ఖాళీలోకి ఆమె వచ్చింది. అంతా తెలిసి కూడా నేను ఆమె జడ వేసేదాన్ని, ఆమె చీర ఆరేసేదాన్ని. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కోపం నిలవదు. ఆమె బడికి వెళ్లాక మాత్రం అప్పుడప్పుడు వచ్చేది.

బడి మూసిన మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకతె రామమ్మ. ఏడేళ్లుంటాయి. బర్రెలు పెట్టుకుని పాలు పోసే గోపమ్మ కూతురు. రెండోవాడు భిక్షం, ఆ పిల్ల కంటే ఏడాది చిన్న.

"పంతులమ్మా, గా చాప దాని పిల్లకు పాలెట్ల ఇస్తదో చెప్పనే లేదు," అంది రామమ్మ.

"చేప కాదని ఎన్నిసార్లు చెప్పానే," అంటూ పంతులమ్మ బయటికి వచ్చింది. చేతికి పిండి ఉంది. అట్లాగే గడప మీద కూర్చుంది. "చేప గుడ్లు పెడుతుంది. తిమింగలం పిల్లను కంటుంది, మీ బర్రె లాగే. పాలిచ్చి పెంచుతుంది."

"పాలు నీళ్లల్ల కలిసిపోవా?" భిక్షం అడిగాడు.

"కలవవు. మన వెన్న ఉంటుంది కదా, అంత చిక్కగా ఉంటాయి. పిల్ల దగ్గరికి రాగానే తల్లే దాని నోట్లోకి చిమ్ముతుంది."

రామమ్మ కాసేపు ఆలోచించింది. "మా బర్రె గట్ల ఇస్తే మా అవ్వకు పిండే పనే ఉండకపోవు," అంది.

లోపల బియ్యం చెరుగుతున్న మా అవ్వ నవ్వింది. పంతులమ్మ కూడా నవ్వింది. తాళం పడ్డ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

మరుసటి రోజు ఐదుగురు వచ్చారు. వారం తిరిగేసరికి ఇరవై మంది అయ్యారు. పంతులమ్మ వాకిట్లో గంగాళం నిండా నీళ్లు పోసి, ముఖం ముంచి ఎవరు ఎంతసేపు ఊపిరి బిగబట్టగలరో చూడమంది. నేను పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టాను. భిక్షం ముప్పై దాకా ఉండి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా లేచాడు.

"మరి తిమింగలం ఎంతసేపు ఉంటది?"

"పెద్దవి అరగంట కూడా ఉంటాయి. కానీ పైకి రాక తప్పదు. దానికీ మనలాగే ఊపిరితిత్తులు. నీళ్లలో పుట్టి, నీళ్లలో బతికి, గాలి కోసం పైకి వస్తుంది. డాల్ఫిన్లూ అంతే. మా నాన్న తెప్ప పక్కన గుంపుగా ఎగిరేవి. వలలో పడితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకని పడ్డదాన్ని మా నాన్న వల కోసి వదిలేసేవాడు. వల కుట్టుకోవడానికి మా అమ్మకు రెండు రోజులు పట్టేది."

"మీ అవ్వ తిట్టకపోయేదా?"

"తిట్టేది. తిడుతూనే కుట్టేది."

పిల్లల్లో ఎవరూ సముద్రాన్ని చూడలేదు. నేనూ చూడలేదు. నా లెక్కన సముద్రం అంటే గండిపేట చెరువు రెండింతలు, పోనీ పదింతలు. పంతులమ్మ మాట్లాడుతుంటే పలకల మీద పిల్లలు బొమ్మలు గీసేవారు. వాళ్ల తిమింగలాలకు కొమ్ములుండేవి, మెడలో గంటలుండేవి. ఆమె కొమ్ములు చెరపమనేది కాదు. నీళ్లలో కొమ్ములు అడ్డమవుతాయా కాదా అని అడిగేది. వాళ్లే చెరిపేవారు. పాఠం చెప్పడం అంటే ఏమిటో నేను ఆ వాకిట్లోనే నేర్చుకున్నాను. అప్పుడు మాత్రం నాకు ఆ సంగతి తెలియలేదు.

ఫిబ్రవరిలో మా అన్న బాల్‌రాజ్ పట్నం నుంచి వచ్చాడు. బీయే రెండో ఏడు చదువుతున్నాడు. ఊరేగింపులో లాఠీ దెబ్బ తగిలి ఎడమ చేతికి కట్టు ఉంది. అవ్వ ఆ చేతిని చూసి ఏడ్చింది. అన్న ఆమెను ఊరుకోబెట్టి, వాకిలి నిండా ఉన్న పిల్లలను చూసుకుంటూ లోపలికి వచ్చాడు. అన్నం తింటూ మెల్లగా అన్నాడు.

"ఆమె ఇంక మనింట్లనే ఉంటదా?"

"యాడికి పోవాలె? కిరాయి అర్ర ఆమెది," అంది అవ్వ.

"అవ్వా, ఆమె మంచిది కాదని నేనంటలేను. గా నౌకరి విమలది. ఈడి నౌకర్లు ముల్కీలకే ఇయ్యాలె. ముల్కీ అంటే పదిహేనేండ్లు ఈడ ఉన్నోళ్లు. ఆమె వచ్చి రెండేండ్లు గూడ గాలె. మరి కాగితం ఎట్లొచ్చింది? ఎవడో దొంగ కాగితం రాసిస్తె వచ్చింది. మేం రోడ్డు మీద దెబ్బలు తింటున్నది గిందుకే."

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా."

"మెల్లగనే మాట్లాడుతున్న. విమలా, నువ్వు చెప్పు. నేను అబద్ధం చెప్తున్ననా?"

నేను పళ్లెం పక్కన మంచినీళ్లు ఒలకబోసుకుని తుడుస్తూ కూర్చున్నాను. అన్న మాట అబద్ధం కాదు. ఆ వారం రోజులు నేను అన్నం తినని సంగతి కూడా అబద్ధం కాదు. గోడకు అవతల సుద్దముక్క పలక మీద గీస్తున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

మర్నాడు బావి దగ్గర ఆమె నన్ను అడిగింది. "విమలా, నువ్వు ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావా?"

"పెట్టిన, అక్కా."

"ఏటన్నారు?"

"ఖాళీ లేదన్నరు."

ఆమె బిందె ఎత్తుకుంది. దారిలో, "పిల్లలకు తిమింగలం ఎంత ఉంటుందో నోటితో చెబితే ఎక్కడం లేదు. నేల మీద గీసి చూపించాలి. సున్నం ఎక్కడైనా దొరుకుతుందా?" అంది.

సున్నం చర్చిలో దొరికింది. క్రిస్మస్‌కు గోడలకు వేయగా మిగిలినది రెండు డబ్బాలు ఉంది. జాగా కోసం మాణిక్యం పటేలు దగ్గరికి వెళ్లాం. చేవెళ్ల రోడ్డు పక్కన ఆయన జొన్న చేను కోసి, మోళ్లు కూడా తీసేసి చదునుగా ఉంది.

"చాప బొమ్మకు ఎకరం చేనా?" అన్నాడాయన.

"చేప కాదండి," అంది పంతులమ్మ.

ఆయనకు ఆ తేడా పట్టలేదు కానీ, "దున్నేదాక ఏమన్న గీసుకోన్రి," అన్నాడు.

తిమింగలం పొడవు తొంభై అడుగులు. బావి తాడు కొలిచి, ముడులు వేసి, నేనూ ఆమే పొద్దుటినుంచి గీశాం. తల దగ్గర ఒక ముంత బోర్లించి కన్ను పెట్టాం. పక్కనే ఇరవై నాలుగు అడుగుల పిల్ల తిమింగలాన్ని కూడా పంతులమ్మ గీసింది. "పుట్టేటప్పుడే ఇంత ఉంటుంది," అంది. మధ్యాహ్నానికి పిల్లలంతా వచ్చి ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టుకుని తిమింగలం పొడవునా పడుకున్నారు. ఇరవై ముగ్గురు పడుకున్నా తోక మిగిలిపోయింది.

అప్పుడే చేవెళ్ల వైపు నుంచి ఊరేగింపు వచ్చింది. యాభై అరవై మంది ఉంటారు. ముందు మా అన్న. కట్టు కట్టిన చేయి మెడకు వేలాడదీసుకుని, రెండో చేత్తో జెండా పట్టుకున్నాడు. జై తెలంగాణ అంటున్నారు, మధ్యమధ్య గో బ్యాక్ అంటున్నారు. వాళ్లు చేనుకు అడ్డంపడి మా ఇంటికే వెళ్లాలనుకున్నారని నాకు తర్వాత తెలిసింది. నెలాఖరులోగా వెళ్లిపొమ్మని పంతులమ్మకు చెప్పిరావాలని పట్నం నుంచి వచ్చినవాళ్లు తీర్మానించారట. అన్న కాదనలేకపోయాడు.

రోడ్డు దిగి చేలోకి రాగానే వాళ్ల ముందు తెల్లటి గీత. గీతలో పడుకున్న పిల్లలు. పిల్లలు భయపడలేదు. లేస్తే కొలత చెడిపోతుందని పంతులమ్మ చెప్పింది కాబట్టి లేవలేదు కూడా. నినాదాలు ముందు వరుసలో ఆగాయి, తర్వాత వెనక వరుసల్లో ఆగాయి.

"ఏందిది?" ఎవరో అడిగారు.

"తిమింగలం," అన్నాడు భిక్షం పడుకునే. "తొక్కకున్రి. పాలిచ్చే తల్లి."

ఎవరో నవ్వారు. అన్న నవ్వలేదు. పంతులమ్మ తోక దగ్గర సున్నం చేతులతో నిలబడి ఉంది. అన్న ఆ గీతను తల నుంచి తోక దాకా చూశాడు. తర్వాత జెండా భుజాన పెట్టుకుని, గీత తొక్కకుండా, పక్కనుంచి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. వెనకవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అట్లాగే నడిచారు. తోక దాకా వచ్చి అన్న ఆగాడు.

"గిది నిజంగనే గింత ఉంటదా?"

"ఉంటుంది. ఇప్పుడు చాలా తక్కువ మిగిలాయి," అంది పంతులమ్మ.

"ఎందుకు?"

"నూనె కోసం చంపేశారు. పెద్ద ఓడలు, ఫిరంగులు పెట్టుకుని వెంటపడి చంపారు. రెండు మూడేళ్ల కిందటే ఇక వీటిని చంపొద్దని దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్నాయట. పేపర్లో చదివాను."

అన్న తల ఊపాడు. తోక చుట్టూ తిరిగి మళ్లీ రోడ్డెక్కాడు. మొయినాబాద్ చౌరస్తా వైపు వెళ్లాక నినాదాలు మళ్లీ వినిపించాయి. మా ఇంటి ముందు మాత్రం ఆ రోజు ఎవరూ ఆగలేదు.

మార్చిలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, బాపు పిల్లలందరినీ గండిపేట తీసుకుపోయాడు. దారిపొడవునా చెరుకు గడలు నములుతూ నడిచారు. కట్ట ఎక్కి నీళ్లను చూడగానే రామమ్మ, "గిదేనా సముద్రం?" అంది.

"కాదమ్మా. సముద్రానికి ఇది చెల్లెలి చెల్లెలు," అంది పంతులమ్మ. "కానీ చుట్టమే. మీ వాకిట్లో పడ్డ వాన వాగులోంచి ఇందులోకి వస్తుంది. ఇది నిండితే మూసీలోకి వెళుతుంది. మూసీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ పారేసింది ఏదో ఒకరోజు అక్కడికి చేరుతుంది."

చెరుకు పిప్పి నీళ్లలోకి విసరబోయిన భిక్షం చేయి వెనక్కి తీసుకుని, పిప్పిని నిక్కరు జేబులో కుక్కుకున్నాడు. అది చూసి బాపు ఎంత మురిసిపోయాడో చెప్పలేను. ముప్పై ఏళ్లుగా ఆయన అరిచి అరిచి చెప్పే మాట అదే.

కట్ట మీద కూర్చోబెట్టి ఆమె పిల్లలకు తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఆమెకు పదేళ్లప్పుడు ఒక తల్లి తిమింగలం భీమిలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బతికే ఉంది. నీళ్లలో తేలే జంతువు ఇసుకలో పడితే దాని బరువే దాని ఊపిరి ఆపేస్తుందట. వాళ్ల నాన్న, ఇంకో నలుగురు, ఆడవాళ్లు కొందరు బిందెలతో దాని మీద నీళ్లు పోశారు. పోటు వస్తే లోపలికి నెట్టవచ్చని ఆశపడ్డారు. పోటు రాకముందే అది చచ్చిపోయింది. తర్వాత జనం గొడ్డళ్లు తెచ్చుకుని కొవ్వు కోసుకుపోయారు.

"దాని పిల్ల రెండు రోజులు ఒడ్డుకు దగ్గర్లోనే తిరిగింది," అంది.

"దానికి పాలెవరిచ్చిండ్రు?" రామమ్మ అడిగింది.

"ఎవరూ ఇవ్వలేదమ్మా."

పిల్లలంతా నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి భిక్షం మా బాపును అడిగాడు. "తాతా, గీ చెరువుకు నువ్వు కావలి ఉన్నవు. సముద్రానికి ఎవరున్నరు?"

బాపు పంతులమ్మ వైపు చూశాడు.

"ఎవరూ లేరు. అదే కష్టం," అందామె. "ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ కాయరు."

"గీ ఒక్క చెరువుకే నేను సాల్తలేను," అన్నాడు బాపు. "ఇటు నుంచి కొడితే అటు నుంచి దిగుతరు. చిన్నప్పుడే చెప్పాలె బిడ్డా. పెద్దయినంక ఎవ్వరూ వినరు."

పిల్లలు బాపు వెంట తూము చూడటానికి వెళ్లాక మేమిద్దరమే మిగిలాం. ఆమె కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"విమలా, నా ముల్కీ కాగితంలో నేను హైదరాబాదులో పదిహేనేళ్లు ఉన్నానని రాసి ఉంది. నేను స్టేషన్లో దిగి అప్పటికి పదిహేను రోజులు. పట్నంలో ఉన్న మా మామయ్య చేయించాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. అప్పటికి మా నాన్న పోయి ఆరు నెలలు. ఇంట్లో అమ్మ, నేనూ. ఈ ఉద్యోగం ఎవరిదో ఒకరిది అయి ఉంటుందని నాకు తట్టనే లేదు. తట్టిందేమో, నేనే పక్కకు నెట్టానేమో."

కోపం రావాలని చూశాను. రాలేదు. జాలి అనుకుందామంటే అదీ కాదు. "పిల్లలకు నువ్వు చెప్పినట్ల నేను చెప్పలేకపోదును, అక్కా," అన్నాను. అది నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆమె నన్ను తోడు తీసుకుని చేవెళ్ల పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్లింది. జీతం సంగతేమో కనుక్కోవడానికి అనుకున్నాను. ఆఫీసులో నెరిసిన మీసాల గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఆమె ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు.

"గిదేందమ్మా? రాజీనామానా?"

"అవునండి."

"ఎవరన్న బెదిరించిండ్రా?"

"లేదండి."

"మరెందుకు? మొన్ననే పెద్ద కోర్టు ముల్కీ రూలు చెల్లదన్నది. ఇప్పట్ల మిమ్మల్ని ఎవరూ తీస్తరనుకోను. ఓపిక పట్టున్రి."

"నేను తెచ్చిన ముల్కీ కాగితంలో ఉన్నది నిజం కాదండి. అది కూడా అందులో రాశాను. కింద చూడండి."

ఆయన కింద చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కాగితాన్ని మడిచి కట్టలో పెట్టాడు. "మంచిదమ్మా," అన్నాడు.

బయటికి వచ్చాక గోడ నీడలో నిలబడ్డాం. పక్క దుకాణంలో ఆమె నాకు నిమ్మకాయ సోడా ఇప్పించింది, తానూ తాగింది.

"ఇక నువ్వు పెట్టు," అంది.

"నేను పెట్టను, అక్కా. నిన్ను ఎల్లగొట్టి నేను కూసుంటనా?"

"నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు. నువ్వు పెట్టకపోతే ఇంకెవరో పెడతారు. వాళ్లకు ఈ పిల్లల పేర్లు తెలియవు."

దాచిపెట్టడమెందుకు, ఆ క్షణాన నాకు సంతోషం కలిగింది. సోడా సీసా చేతిలో పట్టుకుని, ఎండలో నిలబడి, అంత దుఃఖంలోనూ లోపల ఎక్కడో సంతోషపడ్డాను. ఆమె ముఖం చూడలేక సీసాను చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చి చెప్పగానే అవ్వ పొయ్యి దగ్గరే కూలబడింది. బాపు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. గెలిచినవాడిలా లేడు. అంగీ వేసుకుని చౌరస్తాకు వెళ్లి, సికింద్రాబాద్ నుంచి ఏ రైళ్లు నడుస్తున్నాయో కనుక్కొచ్చాడు.

"గురువారం ఒకటి ఉన్నదంటున్నరు," అన్నాడు. "ఒక్కరే పోవుడు మంచిది గాదు. నేనొస్త."

ఏడాదిన్నరలో అన్న ఆమెతో నేరుగా మాట్లాడింది చాలా తక్కువ. ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు. గురువారం పొద్దున ఆమె రేకు పెట్టె ఎత్తబోతే, "అక్కా, ఇటియ్యి," అని బాగున్న చేత్తో తీసుకున్నాడు. బస్సు దగ్గరికి పిల్లలంతా వచ్చారు. రామమ్మ ఏడవలేదు. చెంబు నిండా పాలు తెచ్చి, ఆమె తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

స్టేషన్లో ఎక్కించి సాయంత్రానికి వస్తానన్న అన్న నాలుగు రోజులకు వచ్చాడు. అవ్వ ఆ నాలుగు రోజులూ చర్చిలోనే ఉంది. రైలు ఆగుతూ ఆగుతూ పోయిందట. రైలు డబ్బాలో కొందరు అందరి పేర్లూ ఊర్లూ అడుగుతుంటే, అన్న తాను ఆమె తమ్ముణ్నని చెప్పాడట. ఒక్కదాన్ని వదలబుద్ధి కాక భీమిలి దాకా వెళ్లాడు. వాళ్లమ్మ చేపల పులుసు పెట్టిందట. ఇతను జై తెలంగాణ కుర్రాడని తెలిశాక ఇంకో గరిటె వేసిందట.

ఇదంతా అవ్వ గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. నాతో మాత్రం వాకిట్లో, కాళ్లు కడుక్కుంటూ, అడగకుండానే ఒక మాట అన్నాడు.

"గా సముద్రానికి ఆవలి ఒడ్డు లేదు, విమలా."

జూన్‌లో అన్నను అరెస్టు చేశారు. చంచల్‌గూడ జైల్లో నెలకు పైగా ఉన్నాడు. తెలంగాణ రావాలన్న పట్టు జీవితాంతం వదలలేదు. చదువు మాత్రం ఆ ఏడుతో ఆగిపోయింది. మొయినాబాద్‌లో సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. గో బ్యాక్ అన్న నినాదం వచ్చినప్పుడు మాత్రం అతను నోరు మూసుకునేవాడని తోటివాళ్లు చెప్పేవారు. భీమిలి నుంచి కనకరత్నం అక్క ఉత్తరాలు రాసేది. పెళ్లి చేసుకోలేదు. అక్కడే జాలరి పిల్లలకు బడి నడిపేది. వలలో పడ్డ డాల్ఫిన్‌ను పిల్లలు తండ్రులతో పోట్లాడి వదిలించిన సంగతి ఒకసారి నాలుగు పేజీలు రాసింది.

బడి మళ్లీ తెరిచేసరికి వానలు మొదలయ్యాయి. ఆమె వెళ్లాక నేనే దరఖాస్తు పెట్టాను. నా నియామకం కాగితం అప్పటికి పది రోజుల కిందటే వచ్చింది. అవ్వ తన పెళ్లి నాటి చీర కట్టించి పంపింది. పిల్లలు తడిసిన తలలతో వచ్చి చాపల మీద కూర్చున్నారు. నేను లోపలికి అడుగుపెట్టగానే అంతా లేచి నిలబడ్డారు. నిన్నటిదాకా విమలక్కా అని పిలిచినవాళ్లు ఎట్లా పిలవాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కూర్చోమన్నాను. కూర్చున్నారు. రామమ్మ మాత్రం కూర్చోలేదు.

"నువ్వే పంతులమ్మవా ఇంక?"

"అవును."

"ఎప్పటిదాక?"

ఆ ప్రశ్నకు జవాబు నా నియామకం కాగితంలో ఉంది, రిటైరయ్యేదాకా అని. అది నేను చాలాసార్లు చదువుకున్నాను.

"ఆమె వచ్చేదాక," అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. నేను పాఠం మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పాను.